ఏడో నంబరు పాట

ఈ ఊళ్లో బస్సెక్కిన ప్రతి ఒక్కరికీ ఆమె గొంతు తెలుసు. మొహం తెలిసినవాళ్లు మాత్రం పట్టుమని పాతికమంది ఉండేవారు కాదు.

బస్టాండు పై అంతస్తులో, టికెట్ కౌంటర్ల నెత్తిన, అద్దాలు బిగించిన చిన్న గది ఒకటుంది. ఒక బల్ల, ఒక కుర్చీ, మెడ వంచితే వంగే మైకు, దాని పక్కన మాట్లాడినంతసేపూ నొక్కి పట్టుకోవాల్సిన మీట. పదకొండేళ్లు ఆమె ఆ గదిలో కూర్చుని బస్సుల్ని పిలిచింది. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫాం మీదికి వస్తోంది, ఏది ఆలస్యం, ఎవరి పాప తప్పిపోయి విచారణ కౌంటర్ దగ్గర బిస్కెట్ తింటోంది, అన్నీ ఆ గొంతులోంచే తెలిసేవి. రేవు వైపు వెళ్లే బస్సులు ఏడో నంబరు ప్లాట్‌ఫాం మీద ఆగేవి. 'ఏడో నంబరు' అనే ఆ రెండు మాటల్నీ ఆమె సాగదీసి, నిలబెట్టి, చివర మెల్లగా కింద పెట్టేది, గాజు గ్లాసు బల్లమీద పెట్టినట్టు. కండక్టర్లు ఆమెకు ఆ పేరే ఖాయం చేసేశారు. "ఏడో నంబరు డ్యూటీలో ఉందా?" అని అడిగేవాళ్లు. చివరికి కట్టుకున్న మొగుడు కూడా అలాగే పిలవడం మొదలుపెట్టాడు.

అలా పలకడం ఆమెకు పుట్టుకతో రాలేదు. బస్టాండుకు ఎదురుగా గ్యారేజీ గోడ ఉంది. ఎత్తైన గోడ, కిటికీ ఒక్కటీ లేదు. స్పీకర్లలోంచి వెళ్లిన మాట ఆ గోడకు కొట్టుకుని అర క్షణం తర్వాత వెనక్కి వచ్చేది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆమె గబగబా చదివేసేది. వెళ్లే మాటా వచ్చే మాటా ఒకదాని మీద ఒకటి పడి అంతా గోల. రేవుకు వెళ్లాల్సిన ఒక పెద్దాయన కొండదారి బస్సెక్కి, సగం దారిలో తెలుసుకుని, దిగి, వెనక్కి వచ్చి, సరిగ్గా ఆమె గది కింద నిలబడి అరగంట తిట్టాడు. మైకు లేకుండానే ఆయన గొంతు తొమ్మిదో ప్లాట్‌ఫాం దాకా వినపడింది.

డిపోలో మైకులూ స్పీకర్లూ బాగుచేసే మెకానిక్‌ని అందరూ వైరు బాబాయి అంటారు. మెడలో ఎప్పుడూ ఒక వైరు చుట్ట వేలాడుతూ ఉంటుంది. ఆ రోజు ఆయనే పైకొచ్చాడు.

"ఏమ్మా, అంత పరుగెందుకు? బస్సు నువ్వెక్కాలా?"

"త్వరగా చెప్తే త్వరగా వింటారు కదా బాబాయ్."

"జనం తర్వాత. ముందు ఆ గోడ వినాలి. మాట వదులు. అది గోడదాకా పోయి, తిరిగొచ్చి, నీ చెవికి తగలనీ. అప్పుడు రెండోది వదులు. నీ మాట మీద నీ మాటే ఎక్కి తొక్కితే వాళ్లకి మిగిలేది పిప్పి."

వారంలో పట్టుబడింది. నెలయ్యేసరికి ఒంట్లో భాగమైపోయింది. మాట వదలడం, ఆగడం, తిరిగొచ్చింది అనిపించాక రెండోది అందుకోవడం. ఇంట్లో "ఉప్పు తెచ్చావా?" అని అడిగినా మధ్యలో ఆ ఆగుడు ఉండేది. మొగుడు ఏడిపించేవాడు: "ఇక్కడ గోడ అడుగు దూరంలో ఉంది తల్లీ, అడిగెయ్."

పాట మాత్రం అంతకంటే ముందు నుంచే ఉంది. అమ్మ అదే డిపోలో బస్సు సీట్లకు రెక్సిన్ కుట్టేది. బడి వదిలాక పిల్లని కుట్టుబల్ల కింద కూర్చోబెట్టుకునేది. మిషను పెడలు టకటకమంటుంటే పక్కగదిలో వైరు బాబాయి బస్సుల్లోంచి ఊడదీసిన క్యాసెట్ ప్లేయర్లు బాగుచేసేవాడు. బాగయిందో లేదో చూడ్డానికి డ్రైవర్లు వదిలేసిన క్యాసెట్లు పెట్టేవాడు. వాటిలో ఎక్కడెక్కడివో పై దేశాల పాటలు, సోల్ అనీ పాప్ అనీ అనేవారు. ఏ భాషో ఆయనకీ తెలీదు, ఆమెకీ తెలీదు. ఆ పాడేవాళ్లు మాత్రం కడుపులోంచి తోడి పోస్తున్నట్టుండేది. ప్లేయరు పాడైనప్పుడు పాట సాగి మూలిగేది, బాగయ్యాక పైకి లేచేది. ఆమె రెండు రకాలుగానూ నేర్చేసుకుంది. పాటకు తాళం అమ్మ పెడలే.

అమ్మ పాడొద్దనలేదు, పాడమనీ అనలేదు. ఒక్కటే చెప్పేది: "మొదలెట్టిన కుట్టు మధ్యలో ఆపకూడదు. ఆపితే అక్కడ చిరుగుతుంది. పాటైనా అంతే అనుకుంటా, నాకేం తెలుసు."

మొగుడు గ్యారేజీలో ఫిట్టరు. పేరు స్పానరు. బస్సు కిందికి దూరితే మనిషి కనపడడు, సుత్తి చప్పుడు మాత్రం తాళం తప్పకుండా వినిపిస్తుంది. సెలవు రోజు మధ్యాహ్నాలు టైర్ల షెడ్డులో డ్రమ్ములు వాయించేవాడు. ఒక క్లీనరు గిటారు, రిటైరైన ఒక కండక్టరు కీబోర్డు. పాడేవాడికి గొంతు పట్టేసి రాకపోతే ఆమెను పిలిచారు. ఆ రోజు నుంచి పాతవాడు రాలేదు, వచ్చినా ఎవరూ పట్టించుకోలేదు. పెళ్లిచూపుల సంగతి ఎత్తితే స్పానరు ఇప్పటికీ అదే అంటాడు: "నేను పిల్లని చూడలేదు. డ్రమ్ముకి సరిపోతుందా లేదా అని విన్నాను. సరిపోలేదు. నా కంటే వెనకాల వస్తుంది. వచ్చినా పాట పడిపోదు. అదేంటో అర్థం చేసుకోడానికి పెళ్లి చేసుకున్నా."

"అర్థమైందా?"

"పిల్ల పుట్టింది గానీ అర్థం కాలేదు."

ఈ షెడ్డు పాటల సంగతి ఎలాగో చెవినపడి, ఊళ్లో ఒక సంగీత దర్శకుడు ఆమెను ట్రాక్ పాడటానికి పిలిచాడు. ట్రాక్ అంటే నమూనా. పెద్ద గాయకులు వచ్చి నేర్చుకోడానికి ముందుగా ఎవరో ఒకరు పాట పాడి పెడతారు. పెద్దవాళ్లు పాడాక ఆ గొంతు తుడిచేస్తారు. ఈ పనికి ఒకటే నియమం: పాటను ఉన్నదున్నట్టు, సరిగ్గా తాళం మీద, సొంత తాలింపు లేకుండా పాడాలి. నేర్చుకునేవాళ్లకు అడ్డం రాకూడదు.

మొదటి రోజే ఆయన పెన్ను విసిరేశాడు. "ఎవరి కోసం ఆగుతున్నావమ్మా? ఇక్కడ గోడా లేదు, బస్సూ లేదు!"

నిజమే. స్టూడియో గోడలకు అడుగు మందాన దూది పరిచి ఉంది. మాట వెళ్తే వెళ్లిందే, తిరిగి రాదు. ఆమె అలవాటు మార్చుకుంది. ఆగకుండా, గీత గీసినట్టు పాడటం నేర్చుకుంది. అదీ ఒక పనే, అదీ నైపుణ్యమే. ఆ చుట్టుపక్కల అంత శుభ్రంగా ట్రాక్ పాడేవాళ్లు ఇంకెవరూ లేరని పేరొచ్చింది. నాలుగేళ్లలో అరవై పాటల దాకా పాడింది. టీ దుకాణాల్లో, ఆటోల్లో, పక్కింట్లో ఆ పాటలు మోగేవి. ఒక్కదాంట్లోనూ ఆమె లేదు.

ఆ నాలుగో ఏడాది ఆమె సొంతంగా ఒక పాట కట్టింది. అద్దాల గదిలో, ఒక బస్సుకీ ఇంకో బస్సుకీ మధ్య, డ్యూటీ చార్టు వెనకాల రాసుకుంది.

*వెళ్లే బస్సులన్నీ నేనే పిలిచాను,*
*నన్ను పిలిచే గొంతు ఏ వైపు నుంచి వస్తుందో.*

షెడ్డులో పాడితే గిటారు క్లీనరు ఫోన్‌లో రికార్డు చేశాడు. అది చేతులు మారి చేతులు మారి దర్శకుడి దగ్గరికి చేరింది. ఆయన అప్పుడు ఒక పెద్ద గాయనికి ఆల్బమ్ చేస్తున్నాడు. అందరూ ఆమెను మేడం అంటారు. ఆల్బమ్‌కి ఒక పాట తక్కువైంది.

"పాట ఇచ్చేయ్. మేడం పాడతారు. రాసింది, కట్టింది నువ్వేనని వేస్తాను. నీకింతకన్నా ఏం కావాలి?"

ఆ మాట ఇంట్లో చెప్తే స్పానరు చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "ఇన్నాళ్లూ వాళ్ల పాటలు వాళ్లకే పాడి ఇచ్చావు, సరే. ఇప్పుడు నీ పాట కూడానా?"

"నా పేరు వేస్తానన్నారు."

"పేరు కాగితం మీద. గొంతో?"

"నా గొంతు ఎవరికి కావాలయ్యా?"

అమ్మ కంచంలోంచి తల ఎత్తలేదు. "ఆ కావలసినవాళ్లు నీ ఎదురుగానే ముగ్గురం కూర్చుని ఉన్నాం" అంది. మూడో మనిషి ఎనిమిదేళ్ల కూతురు. అది అమ్మమ్మను చూసి పెద్దదానిలా తల ఊపింది.

ఆమె మాత్రం ఒప్పుకుంది. ఒప్పుకున్న పని ఒప్పుకున్నట్టే చేసింది కూడా. తన పాటకు తనే ట్రాక్ పాడింది, గీత గీసినట్టు, ఎక్కడా ఆగకుండా. మేడం దాన్ని విని, నేర్చుకుని, మూడు రోజుల తర్వాత ఉదయం వచ్చి పాడింది. గొప్పగా పాడింది. ఎక్కడా వంక లేదు. అద్దం అవతల కూర్చున్నవాళ్లు మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మళ్లీ పాడించారు. మళ్లీ. టైము పన్నెండు కావచ్చింది.

మేడం హెడ్‌ఫోన్స్ తీసి మెడలో వేసుకుంది. ముప్పై ఏళ్లుగా పాడుతున్న మనిషి, ఎదుటివాళ్లు చెప్పేదాకా ఆగే అవసరం లేదు. "ఆ ఫోన్‌లోది పెట్టండి ఒకసారి" అంది.

పెట్టారు. టైర్ల షెడ్డు, రేకుల చప్పుడు, వెనక ఎవరో దగ్గడం. వాటి మధ్యలో ఆ గొంతు. డ్రమ్ము పడ్డాక అర క్షణం ఆగి, పడుతుందా అనిపించి, పడకుండా వచ్చి నిలబడుతోంది.

మేడం రెండుసార్లు అలా పాడి చూసింది. ఒకసారి ముందుకొచ్చేసింది, ఒకసారి పూర్తిగా వెనకబడిపోయింది. నవ్వి తల అడ్డంగా ఊపింది. "ఇది నా ఒంటికి కొలిచి కుట్టింది కాదు. నాకొద్దు."

దర్శకుడు చేతులు దులుపుకున్నాడు. "అయితే పక్కన పడేద్దాం."

గోడవార కుర్చీలో కూర్చున్న ఆమె అప్పుడు లేచింది. నాలుగేళ్లలో ఆ గదిలో పాట తప్ప మాట మాట్లాడింది లేదు.

"పక్కన పడేసేదైతే నన్ను పాడనివ్వండి."

"నిన్నా? నువ్వెవరో ఎవరికి తెలుసమ్మా?"

"నేను తెలీదు. నా గొంతు తెలీనివాడు ఈ ఊళ్లో ఉంటే చూపించండి. పదకొండేళ్లుగా వాళ్లందరినీ ఇంటికి పంపించింది నేనే."

మేడం తన సంచీ భుజాన వేసుకుంది. "సాయంత్రం నాలుగింటి దాకా ఈ స్టూడియో నా పేరు మీద ఉంది కదా? నేను ఇంటికి పోతున్నా. తలుపు తాళం వెయ్యకండి." గుమ్మం దగ్గర ఆగి ఆమె వైపు చూసింది. "ట్రాక్ చాలా బాగా పాడావు. నన్ను అదే ముంచింది."

అంటే చేతిలో నాలుగు గంటలు. ఆ నాలుగు గంటల్లో అయితే అయినట్టు, లేకపోతే పాట పోయినట్టే. ఆమె డిపోకి ఫోన్ చేసింది. స్పానరు బస్సు కింద ఉన్నాడు. పక్కవాడు కాళ్లు పట్టుకుని బయటికి లాగాడు. అరగంటలో షెడ్డు వాళ్లందరూ దిగారు, స్పానరు చేతులకు గ్రీజుతోనే. వెనకాల వైరు బాబాయి కూడా వచ్చాడు. ఆయన్ని ఎవరూ పిలవలేదు, కానీ డిపోలో ఎవరు పరుగెత్తినా ఆయన వెనకాల పరుగెత్తుతాడు.

డ్రమ్ములు సర్దుకున్నారు. పాడింది.

పాట తిన్నగా వచ్చింది. గీత గీసినట్టు.

ఇంకోసారి పాడింది. అంతే. కళ్లు మూసుకుని పాడింది, చేతులు కట్టుకుని పాడింది, చెప్పులు విప్పి పాడింది. ఆ గదిలో నిలబడి హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే చాలు, ఒళ్లు తనంతట తానే ట్రాక్ పాడేస్తోంది, రాబోయే ఇంకెవరికో దారి వదులుతూ. నాలుగేళ్లు కష్టపడి నేర్చుకున్న పని, ఇప్పుడు వద్దంటే పోతుందా? ఇప్పటిదాకా మేడంకి రాలేదనుకుంది. తనకే రావడం లేదు.

"ఎవరి కోసం పాడుతున్నావే?" అన్నాడు స్పానరు డ్రమ్ముల వెనక నుంచి. వేళాకోళం లేదు గొంతులో.

"నాకే తెలీట్లేదు. పాట చచ్చిపోయింది."

"చావలేదు. ఊపిరాడట్లేదు." ఈ మాటన్నది వైరు బాబాయి. ఆయన అప్పటికే గోడల్ని అరచేత్తో తట్టి చూస్తున్నాడు, పశువుల డాక్టరులా. "ఈ దూది అంతా మింగేస్తోంది. దీనికి తిరిగొచ్చేది ఏదీ లేదు. ఏమండీ సారూ, ఈ తలుపు బయటేముంది?"

"మెట్లు" అన్నాడు దర్శకుడు విసుగ్గా. "మూడంతస్తులు."

"ఖాళీయేనా?"

"మెట్లు ఖాళీగా లేకపోతే ఎలా ఉంటాయి?"

బాబాయి మెడలో చుట్ట విప్పాడు. స్టోరు గదిలో మూలనపడిన పాత స్పీకరు ఒకటి దొరికింది. దాన్ని కింది మెట్టు మీద పెట్టి, రెయిలింగు వెంట వైరు లాక్కుంటూ పైకొచ్చాడు. వయసు అరవై దాటింది, మూడంతస్తులూ రెండుసార్లు ఎక్కి దిగాడు. మైకును తలుపు దగ్గరికి జరిపి తలుపు బార్లా తెరిచాడు. ఆమె చెవి మీంచి ఒక హెడ్‌ఫోన్ పక్కకు తీశాడు. "ఈ చెవికి వాళ్లు. ఈ చెవికి నువ్వు. ఏదీ, ఒక మాట వదులు."

"ఏమనను?"

"రోజూ అనేదే."

ఆమె ఒక బస్సును పిలిచింది. మాట కింది స్పీకరులోంచి వెళ్లి, మెట్లన్నీ ఎక్కుతూ, మూల మూలకీ తగులుతూ, అర క్షణం తర్వాత ఆమె చెవి దగ్గరికి చేరింది. ఆమె మెడ దానంతటదే కొంచెం వాలింది.

రికార్డిస్టు తల పట్టుకున్నాడు. "ఇలా తలుపులు తీసి ఎవరైనా రికార్డు చేస్తారా?" దర్శకుడు మాత్రం తల ఎత్తి ఆ మాట వచ్చిన వైపే చూస్తున్నాడు. కింద వాచ్‌మన్ ఎవర్నీ మెట్లెక్కనివ్వడం లేదు. "మెట్లెక్కడానికి కూడా టికెట్టా?" అని రెండో అంతస్తు దంతవైద్యుడి దగ్గరికి వచ్చినాయన దెబ్బలాడుతున్నాడు. ఆయన అలిసిపోయి కూర్చున్నాక మొదలుపెట్టారు.

మొదటి మాటకే స్పానరు తల ఎత్తాడు. ఆమె వెనకాల వస్తోంది. డ్రమ్ము పడుతోంది, ఆమె ఆగుతోంది, తన గొంతు మెట్లెక్కి తనను చేరేదాకా ఆగి, అప్పుడు వస్తోంది. తొందరపడి ఆమెను కలుసుకుందామని అతను చూడలేదు. పెళ్లైన ఇన్నేళ్లలో నేర్చుకున్నది అదొక్కటే. తన దెబ్బ తను వేసి, ఆమె వచ్చేదాకా దారి ఖాళీగా ఉంచాడు. రెండో చరణంలో ఆమె గొంతు కొంచెం బొంగురుపోయింది. ఆపలేదు. మొదలెట్టిన వరస చివరిదాకా తీసుకెళ్లింది.

అయిపోయాక కింద నుంచి దంతాల ఆయన గొంతు పైకొచ్చింది. "అయిపోయిందా? ఇంకోసారి పాడించండి, నాకేం తొందర లేదు!"

ఇంకోసారి అవసరం లేకపోయింది. టైము మూడు ఇరవై.

దర్శకుడు ఆ పాటను ఆమె గొంతుతోనే విడుదల చేశాడు. బయటికొచ్చిన మొదటి వారం ఊళ్లో వింత జరిగింది. టీ దుకాణాల్లో రేడియోలో ఆ గొంతు వినపడగానే జనం గబుక్కున సంచులు చేతిలోకి తీసుకుని లేచి నిలబడేవాళ్లు. లేచాక గానీ అది పాట అని తెలిసేది కాదు. నవ్వుకుని, మళ్లీ కూర్చుని, చివరిదాకా వినేవాళ్లు. "ఇది మన ఏడో నంబరు గొంతు కాదూ?" అని కండక్టర్లు డ్రైవర్లని అడిగారు, డ్రైవర్లు ప్రయాణికులకి చెప్పారు. ప్రయాణికులు పక్క ఊళ్లకి మోసుకెళ్లారు. ఏ కంపెనీ చెయ్యలేని ప్రచారం డిపో బస్సులన్నీ కలిసి చేసిపెట్టాయి. ఆర్నెల్లు తిరిగేసరికి ఆమెవి ఇంకో నాలుగు పాటలు వచ్చాయి. మునిసిపల్ హాల్లో మొదటి కచేరీ. జనం మెట్ల మీద కూడా కూర్చున్నారు. అమ్మ ముందు వరసలో కూర్చుని, పాటల మధ్యలో కుర్చీ సీటు చివర్లు తడిమి చూసి, పక్కావిడతో అంది: "పాడేది మా అమ్మాయి. ఈ సీట్లు కుట్టినవాడెవడో గానీ, బొత్తిగా పనిరాదు."

ఆ తర్వాత పెద్ద కంపెనీ నుంచి పిలుపొచ్చింది. ఆమె, స్పానరు వెళ్లారు. చల్లటి గది, పొడుగాటి బల్ల. బల్లకు అవతల ఉన్నాయన చాలా మర్యాదస్తుడు. ఆమె పాట తను రోజూ వింటానన్నాడు, తన భార్యకీ ఇష్టమన్నాడు. తర్వాత అసలు సంగతికి వచ్చాడు.

"ఆ మొదటి పాట ఉంది కదండీ, దాన్ని మా స్టూడియోలో మళ్లీ చేద్దాం. ముప్పై వయొలిన్లు పెడదాం. మీరు కూడా కాస్త శుభ్రంగా, తాళం మీద పడేట్టు పాడితే దేశాలు దాటి పోతుంది. పాతది తీసేసి దాని చోట ఇది ఉంచుతాం."

స్పానరు ఆమె వైపు చూడలేదు. తన చేతులు చూసుకుంటున్నాడు, గోళ్ల చివర్ల ఇంకా కొంచెం గ్రీజు మిగిలి ఉంది.

ఆమె టీ తాగడం పూర్తిచేసి కప్పు పక్కకు జరిపింది.

"శుభ్రంగా పాడటం నాకు బాగా వచ్చండీ. అరవై పాటలు పాడాను, కావాలంటే మా దర్శకుడు సార్‌ని అడగండి. ఇది మాత్రం అయిపోయిన పని. అయిన పనిని విప్పి మళ్లీ చెయ్యను. అది ఉన్నట్టే ఉండాలి."

"మరి మేమేం చెయ్యమంటారు?"

"కొత్తది తెచ్చాను. వింటారా?"

ఆయన ఏదో అనబోయాడు. స్పానరు అప్పటికే బల్ల మీది పెన్నులు రెండు అందుకుని, వెనక్కి తిప్పి, అంచు మీద ఒకసారి కొట్టి చూశాడు. టేకు బల్ల, మంచి చప్పుడు వస్తోంది. తాళం మొదలుపెట్టాడు. ఆమె ఆగింది, ఇంకొంచెం ఆగింది, తర్వాత అందుకుంది. బయట టైపు కొడుతున్న చప్పుడు ఒక బల్ల దగ్గర నిలిచిపోయింది, తర్వాత ఇంకో బల్ల దగ్గర. చరణం మధ్యలో అవతల ఉన్నాయన ఫోను మోగింది. ఆయన దాన్ని తిరగేసి బల్ల మీద పెట్టి, కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.